బేస్ ఎక్కడికి పోయింది: బరంపురం డిజైర్‌లో కాంపొనెంట్ స్పీకర్ల వైరింగ్, ఒక కేస్ స్టడీ

బేస్ చాలడం లేదంటూ వచ్చే కార్లలో సబ్‌వూఫర్ (మంద్ర నాదాలకే ఉండే పెద్ద స్పీకరు) నిజంగా అవసరమైనవి తక్కువ. చాలా కార్లలో బేస్ పుడుతూనే ఉంటుంది. ఎక్కడో ఒక తీగల జత తారుమారై దాన్ని పుట్టినచోటే చంపేస్తూ ఉంటుంది. ఒడిశాలోని బరంపురంలో నా దగ్గరికి వచ్చిన ఈ డిజైర్‌లో ఆ తప్పుతో పాటు మరి కొన్ని కూడా ఒకేచోట కనిపించాయి కాబట్టి మొదటినుంచి చివరిదాకా రాస్తున్నాను. కాంపొనెంట్ స్పీకర్లు (కింది నాదాలకు వూఫర్, పై నాదాలకు ట్వీటర్ విడివిడిగా ఉండేవి) బిగించే ప్రతి మెకానిక్కూ, బిగించుకునే ప్రతి యజమానీ చదవాలని నా కోరిక.

కారు యజమాని మృదంగం మాస్టారు. తరతరాలుగా బరంపురంలో ఉంటున్న తెలుగు కుటుంబం. కచేరీలకని తరచూ ఇచ్ఛాపురం, శ్రీకాకుళం మీదుగా విశాఖపట్నం వెళ్తారు. దారిపొడవునా పాత కచేరీ రికార్డింగులు వింటారు. కంపెనీ ఇచ్చిన స్పీకర్లు తీసేసి, వేరే ఊళ్లో ఒక దుకాణంలో కొత్త కాంపొనెంట్ సెట్టు, యాంప్లిఫయరు వేయించుకున్నారు. వేయించాక శబ్దం పెరిగింది కానీ సంగీతం తగ్గింది.

"త, ది, తోం, నం అని నాలుగు అక్షరాలతో పాఠం మొదలుపెడతాను నాయనా. ఈ కారులో నం వినిపిస్తోంది, ది వినిపిస్తోంది. తోం మాత్రం పక్కింట్లో ఎవరో వాయిస్తున్నట్టుంది" అన్నారు. ఆ వెంటనే సబ్‌వూఫర్ ఎంతవుతుందని అడిగారు.

నేను విన్న ఫిర్యాదులన్నిటిలో ఇంత కచ్చితమైనది అరుదు. తోం మృదంగం ఎడమ ముఖం మీద పలికే మంద్ర నాదం. అంటే పై స్థాయి నాదాలు అందుతున్నాయి, కింది స్థాయి నాదాలు అందడం లేదు. దీనికి తోడు రెండు ఫిర్యాదులు: కుడి వైపు నుంచి స్వరం మసకగా వస్తోంది, ఇంజను వేగం పెరిగేకొద్దీ సన్నని కూత కూడా పెరుగుతోంది. "ముందు ఉన్నవాటిని సరిగ్గా మోగించి చూద్దాం మాస్టారూ, ఆ తర్వాత కూడా చాలకపోతే సబ్‌వూఫర్ గురించి మాట్లాడుకుందాం" అని చెప్పి కారు ఉంచేసుకున్నాను.

కారులో ఉన్న సామాను

ముందు తలుపుల్లో ఆరున్నర అంగుళాల వూఫర్లు, తలుపు అద్దం మూల ఉండే త్రికోణపు ప్లాస్టిక్ ముక్కలో ఒక అంగుళం ట్వీటర్లు, శబ్దాన్ని కింది, పై నాదాలుగా విడదీసి వాటికి పంచే క్రాసోవర్ పెట్టెలు వైపుకొకటి చొప్పున రెండు. అన్నీ ఒకే కంపెనీ సెట్టు, నిరోధం 4 ఓమ్‌లు. వెనక తలుపుల్లో మామూలు కోయాక్సియల్ స్పీకర్లు (వూఫర్, ట్వీటర్ ఒకదానిలోనే ఉండేవి). ప్రయాణికుడి సీటు కింద నాలుగు ఛానెళ్ల యాంప్లిఫయరు, ఛానెల్‌కు 60 వాట్ల ఆర్ఎంఎస్ (నిలకడగా ఇచ్చే శక్తి). సామానులో లోపం లేదు. ఇంత సామాను ఉన్న కారులో తోం వినిపించకపోవడానికి సామాను కారణం కాదని అప్పుడే అనిపించింది.

విప్పకముందే తెలిసిన సంగతి

నేను ఏ కారులోనైనా తలుపు ప్యానెలు తీసేముందు స్టీరియోలో రెండు బొత్తాలతో పని ముగిస్తాను. ఫేడర్‌ను పూర్తిగా ముందుకు జరిపి వెనక స్పీకర్లను నిశ్శబ్దం చేస్తాను. లేకపోతే అవి ముందున్న లోపాన్ని కప్పేస్తాయి. తర్వాత బ్యాలెన్సును మధ్యలో, ఎడమ చివర, కుడి చివర పెట్టి ఒకే పాట వింటాను. వీలైతే మోనో రికార్డింగు. రెండు వైపులకూ ఒకే సంకేతం వెళ్తుంది కాబట్టి తేడా దాక్కోలేదు.

ఈ కారులో బ్యాలెన్సు మధ్యలో ఉన్నప్పుడు బేస్ పల్చగా ఉంది. గాయకుడి గొంతు డ్యాష్‌బోర్డు మధ్యలోంచి రావలసింది పోయి, ఎక్కడినుంచి వస్తోందో చెప్పలేనట్టు చెదిరిపోయింది. పూర్తిగా ఎడమకు తిప్పాను. మోగేది ఒక్క స్పీకరే అయినా బేస్ పెరిగింది. పూర్తిగా కుడికి తిప్పినా అంతే. రెండు స్పీకర్లు కలిసి మోగితే తగ్గి, విడివిడిగా మోగితే పెరిగే బేస్‌కు ఒక్కటే కారణం: రెండు వూఫర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తారుమారయ్యాయి.

ఎందుకంటే ఒక కోను బయటికి తోస్తున్నప్పుడు రెండోది లోపలికి లాగుతోంది. గాలి ఒకవైపు తోపుడు, ఒకవైపు లాగుడుతో సరిపెట్టుకుంటుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు వెళ్తుంది. 80 హెర్ట్జ్ నాదానికి తరంగదైర్ఘ్యం నాలుగు మీటర్ల పైమాటే. కారులో తలుపుకూ తలుపుకూ మధ్య దూరం అందులో సగం కూడా ఉండదు. కాబట్టి మంద్ర నాదాలు చాలావరకు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. పై నాదాల తరంగాలు చిన్నవి కాబట్టి కొన్నిచోట్ల కొట్టేసుకుని, కొన్నిచోట్ల కలిసి బతికిపోతాయి. అందుకే మాస్టారికి నం వినిపించింది, తోం వినిపించలేదు. ఇలాంటి కారులో సబ్‌వూఫర్ పెడితే తలుపుల లోపం అలాగే ఉండి, దాని పైన డిక్కీలోంచి దబదబలు మొదలవుతాయి.

బ్యాలెన్సు కుడి చివర ఉండగా ట్వీటర్‌కు చెవి ఆనించాను. చప్పుడు లేదు. రెండో లోపం కూడా విప్పకముందే దొరికింది.

ఒకటిన్నర వోల్టుల సెల్లుతో

యాంప్లిఫయరు నుంచి స్పీకరు తీగలు ఊడదీసి, ఆ కొసలకు మామూలు ఒకటిన్నర వోల్టుల సెల్లు క్షణం సేపు తాకించాను. తీగలు యాంప్లిఫయరుకు ఉండగా ఈ పని ఎన్నడూ చేయకూడదు. సెల్లు ప్లస్ వూఫర్ ప్లస్‌కు చేరితే కోను ముందుకు వస్తుంది. క్రాసోవర్‌లో వూఫర్ దారిలో ఉండేది తీగచుట్ట. అది ఏకముఖ విద్యుత్తును ఆపదు కాబట్టి యాంప్లిఫయరు దగ్గరినుంచే మొత్తం దారిని ఒకేసారి పరీక్షించవచ్చు. ట్వీటర్ దారిలో కెపాసిటర్ ఉంటుంది, అది ఆపేస్తుంది. మా కుర్రాడు తలుపు జాలీలోకి టార్చి వేసి చూశాడు. ఎడమ కోను బయటికి వచ్చింది. కుడి కోను లోపలికి పోయింది. 9 వోల్టుల బ్యాటరీతో ఈ పరీక్ష చేసేవారిని చూశాను. అంత అవసరం లేదు, ఆ అలవాటుతో విడి ట్వీటర్‌ను కూడా అలాగే తాకిస్తే అది పోతుంది.

కుడి తలుపులో కనిపించినది

ప్యానెలు తీయగానే కథంతా కళ్లముందు ఉంది. సాధారణంగా స్పీకరుకు రెండు నాలుకలుంటాయి: వెడల్పుది ప్లస్, సన్నది మైనస్. సరైన లగ్గులు (తీగ కొసకు వేసే లోహపు తొడుగులు) బిగిస్తే తారుమారు చేయాలన్నా కుదరదు. ఇక్కడ లగ్గులు లేవు. తీగను నాలుకకు మెలివేసి, నల్లటేపు చుట్టారు. ఎండకు టేపు జిగురు కారి ముడి వదులైంది. తలుపులో కంపెనీ తీగల రంగులు యాంప్లిఫయరు వైపు తీగల రంగులతో కలవవు. ఎవరో రంగు చూసి ఊహించి కలిపారు.

ట్వీటర్ తీగలు అద్దం మూలనుంచి దిగి, నేరుగా ఆ వూఫర్ ముడిలోనే కలిశాయి. డ్యాష్‌బోర్డు కింద, కాళ్ల దగ్గరి పక్క ప్యానెలు వెనక కుడి క్రాసోవర్ పెట్టె దొరికింది. దాని మీద ట్వీటర్ అని రాసి ఉన్న రెండు స్క్రూలు కంపెనీలో బిగించినట్టే మెరుస్తున్నాయి, వాటి మీద స్క్రూడ్రైవర్ గీత ఒక్కటి కూడా పడలేదు.

కారణం ఊహించడం కష్టం కాదు. క్రాసోవర్ కారు లోపల ఉంటే తలుపులోకి రెండు జతల తీగలు వెళ్లాలి, ఒకటి వూఫర్‌కు, ఒకటి ట్వీటర్‌కు. తలుపుకూ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచి కొత్త జత లాగడం ఓపికతో కూడిన పని. కంపెనీ ఇచ్చిన జత ఒకటి అప్పటికే ఉంది. దానికే రెండూ తగిలించేశారు.

ఈ ఒక్క బద్ధకం ట్వీటర్‌ను చంపింది. సెట్టుతో వచ్చే క్రాసోవర్ పెట్టెలో ఉండేది నాలుగే ముఖ్య భాగాలు. ట్వీటర్‌కు వెళ్లే దారిలో వరుసగా ఒక కెపాసిటర్, ఆ తర్వాత అడ్డంగా ఒక తీగచుట్ట. వూఫర్ దారిలో సరిగ్గా దానికి తిరగేసి, వరుసగా తీగచుట్ట, అడ్డంగా కెపాసిటర్. కెపాసిటర్ కింది నాదాలను ఆపుతుంది, తీగచుట్ట పై నాదాలను ఆపుతుంది. ఈ సెట్టులో విభజన 3,500 హెర్ట్జ్ దగ్గర, వాలు ఆక్టేవ్‌కు (హెర్ట్జ్ రెట్టింపయ్యే ప్రతి మెట్టుకు) 12 డెసిబెల్‌లు. 4 ఓమ్‌ల స్పీకరుకు ఆ విభజన రావాలంటే బటర్‌వర్త్ అనే ఫిల్టరు లెక్క ప్రకారం సుమారు 8 మైక్రోఫారడ్ కెపాసిటర్, పావు మిల్లీహెన్రీ తీగచుట్ట కావాలి. ఎడమ పెట్టెలో కెపాసిటర్ మీద 8.2 అని ఉంది. దాని ఒక కాలు ఊడదీసి కొలిస్తే 8.0 వచ్చింది. బాగుంది.

వూఫర్ స్క్రూల నుంచి వచ్చేది 3,500 కన్నా కింది భాగం. అంటే ట్వీటర్‌కు ఏది వెళ్లకూడదో అదంతా దానికి పంపారు, ఏది వెళ్లాలో అది ఆపేశారు. అంగుళం ట్వీటర్ గుమ్మటానికి ఉండే కదలిక మిల్లీమీటరులో చిన్న భాగం, దాని చుట్ట తీగ వెంట్రుకంత సన్నం. మృదంగం ఎడమ చేతి గుంకారాన్ని మోయమంటే ఎలా మోస్తుంది? అది బతికున్నంత కాలం యాంప్లిఫయరుకు కూడా కష్టమే: 4 ఓమ్‌లు, 4 ఓమ్‌లు సమాంతరంగా కలిసి కింది నాదాల దగ్గర 2 ఓమ్‌ల భారం పడింది.

మీటరుతో చూస్తే వూఫర్లు 3.4, 3.5 ఓమ్‌లు. 4 ఓమ్‌ల స్పీకరు చుట్టకు మీటరులో మూడున్నర దగ్గర రావడం మామూలే. ఎడమ ట్వీటర్ 3.3. కుడి ట్వీటర్‌కు అంకె రాలేదు, చుట్ట తెగిపోయింది. ఇక్కడ కొత్తవారు పడే ఒక గోతి ఉంది. ట్వీటర్‌ను క్రాసోవర్ గుండా కొలిస్తే మంచి ట్వీటర్ కూడా తెగినట్టే చూపవచ్చు, మధ్యలో కెపాసిటర్ మీటరు విద్యుత్తును ఆపుతుంది కాబట్టి. తీగలు పూర్తిగా ఊడదీసి, చుట్ట కొసల దగ్గరే కొలవాలి. బాగున్న ట్వీటర్లను ఈ పొరపాటుతో మార్పించుకున్నవారు ఉన్నారు.

ఎడమ వైపు సంగతి వేరు. అక్కడ క్రాసోవర్‌ను తలుపు లోపలే, అడుగు భాగంలో పెట్టారు. కాబట్టి ట్వీటర్ సరైన స్క్రూలకే వెళ్లింది, బతికింది. కానీ తలుపు లోపల వాన నీరు దిగడం లోపం కాదు, తలుపు తయారీయే అలాంటిది. అద్దం పట్టీలోంచి దిగిన నీరు అడుగున రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. ప్యానెలు వెనక ఉండే ప్లాస్టిక్ షీటు ఆ నీటిని కారు లోపలికి రానివ్వదు. ఆ షీటుకు అవతల క్రాసోవర్‌ను పెట్టడమంటే వానలో పెట్టడమే. దీనికి తోడు గోపాల్‌పూర్ సముద్రం పక్కనే. గంజాం తీరంలో ఉప్పుగాలి రాగిని ఎంత త్వరగా తింటుందో ఇక్కడ పనిచేసేవారికి తెలుసు. స్క్రూల కింద తీగలన్నీ పచ్చబడి, రెండు పోగులు తాకితే రాలిపోయేలా ఉన్నాయి.

మళ్లీ మొదటినుంచి వైరింగ్

పాత తీగలు ఏవీ ఉంచలేదు. బ్లేడుతో గీరి చూస్తే రాగి పూత కింద తెల్లగా అల్యూమినియం కనిపించింది. రాగి పూత వేసిన అల్యూమినియం తీగ చవక. కానీ అదే మందంలో రాగి కన్నా విద్యుత్తును తక్కువగా మోస్తుంది, మెలివేస్తే విరుగుతుంది, ఉప్పుగాలిలో కొసలు పొడిగా మారుతాయి. బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు తిరిగే కార్లకు దాన్ని వాడడం నాకు ససేమిరా ఇష్టం లేదు.

స్పీకర్లకు 16 గేజ్ స్వచ్ఛమైన రాగి తీగ తీసుకున్నాను. యాంప్లిఫయరు నుంచి స్పీకరు దాకా 5 మీటర్లనుకుంటే రాకపోకలు కలిపి 10 మీటర్లు; 16 గేజ్‌కు నిరోధం సుమారు 0.13 ఓమ్. 4 ఓమ్‌ల ముందు అది లెక్కలోది కాదు. అదే 24 గేజ్ సన్న తీగ అయితే 0.8 ఓమ్ దాటుతుంది. అప్పుడు వూఫర్ కోను మీద యాంప్లిఫయరుకు ఉండే పట్టు సడలుతుంది, దెబ్బ ఆగవలసినచోట ఆగదు. మృదంగం వినేవారికి ఈ తేడా వెంటనే తెలుస్తుంది. ఇంతకన్నా లావు తీగ, ఖరీదైన తీగ అమ్మజూపేవారి మాట మాత్రం ఈ పొడవులకు పట్టించుకోనక్కరలేదు.

రెండు క్రాసోవర్లనూ కారు లోపలికి తెచ్చి, కాళ్ల దగ్గరి పక్క ప్యానెళ్ల వెనక, చెరొకవైపు బిగించాను. తీగచుట్టలు ఇనుప రేకుకు ఆనకుండా మధ్యలో స్పాంజి ముక్క పెట్టాను, రేకు దగ్గరగా ఉంటే చుట్ట విలువ మారుతుంది. రబ్బరు గొట్టాలు విప్పి, గట్టి తీగను దారిచూపుగా పంపి, ప్రతి తలుపులోకీ రెండు కొత్త జతలు లాగాను. ఈ పనికే ఎక్కువ సమయం పట్టింది. తలుపు పూర్తిగా తెరిచినప్పుడు తీగ బిగుసుకోకూడదు, మూసినప్పుడు నలగకూడదు. గొట్టం లోపల ఒక అంగుళం వదులు ఉంచి, తలుపు తెరుస్తూ మూస్తూ చేత్తో తడిమి చూశాకే రబ్బరు తిరిగి తొడిగాను.

ప్రతి తీగకూ రెండు కొసల దగ్గరా అంకె వేసిన చీటీ అంటించాం. మా కుర్రాడు చదివేది ఒడియా, నేను రాసేది తెలుగు. అంకెలు ఇద్దరికీ ఒక్కటే కాబట్టి 1 నుంచి 8 దాకా వేసి, ఏ అంకె ఏ స్క్రూకో ఒక కాగితం మీద గీసి, అది మాస్టారికి కారు పుస్తకంతో పాటు ఇచ్చాను. కొసలకు లగ్గులు క్రింపు చేసి, పైన వేడికి ముడుచుకునే గొట్టం తొడిగాం. టేపు ఎక్కడా లేదు.

క్రాసోవర్‌లో లోపలికి వచ్చే స్క్రూలు, వూఫర్ స్క్రూలు, ట్వీటర్ స్క్రూలు పక్కపక్కనే ఉంటాయి. యాంప్లిఫయరు తీగను పొరపాటున వూఫర్ స్క్రూలకు కలిపితే అడ్డంగా ఉన్న కెపాసిటర్ నేరుగా యాంప్లిఫయరు నెత్తిన పడుతుంది. 8 మైక్రోఫారడ్‌లకు 20,000 హెర్ట్జ్ దగ్గర నిరోధం ఒక్క ఓమ్ మాత్రమే. యాంప్లిఫయరు వేడెక్కి ఆగిపోతుంటే ముందు ఇది చూడాలి. ఇంకొక మాట. ఒకే క్రాసోవర్‌కు వెనక వూఫర్‌ను కూడా తగిలించమని అడిగేవారుంటారు. భారం 2 ఓమ్‌లవుతుంది, దానితో పాటు విభజన స్థానం కూడా జరిగిపోతుంది. కంపెనీ 4 ఓమ్‌లకు లెక్కవేసి చేసిన పెట్టె అది. నేను చేయను.

స్పీకరు మైనస్ తీగను బాడీకి కలపడం మరొక పెద్ద తప్పు. పాత రోజుల రేడియోలలో అది నడిచేది. ఇప్పటి స్టీరియోలలో స్పీకరు రెండు తీగలూ సజీవమే, మైనస్ తీగ మీద కూడా బ్యాటరీ వోల్టేజిలో సగం దాకా ఉంటుంది. దాన్ని బాడీకి తాకిస్తే లోపలి ఐసీ పోతుంది. విడిగా కొని వేయించుకునే బయటి స్టీరియోలలో తెల్ల తీగ ముందు ఎడమ, బూడిద రంగుది ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది మైనస్. పసుపు ఎప్పుడూ ఉండే కరెంటు, ఎరుపు తాళంతో వచ్చేది, నీలం మీద తెల్ల గీత యాంప్లిఫయరును లేపేది. ఇది గుర్తుంటే సగం తప్పులు జరగవు. కారు కంపెనీ తీగలకు మాత్రం ఈ రంగుల పట్టిక వర్తించదు, వాటిని సెల్లుతో పరీక్షించుకోవలసిందే.

కుడి ట్వీటర్ స్థానంలో ఏదో ఒక 4 ఓమ్‌ల ట్వీటర్ పెట్టవచ్చు కదా అని మాస్టారు అడిగారు. ఓమ్‌లు కలిస్తే చాలదు. సున్నితత్వం, మోగే స్వభావం కలవకపోతే గొంతు ఒక వైపుకు ఒరుగుతుంది. అదే సెట్టు ట్వీటర్లను జతగా విశాఖపట్నం నుంచి తెప్పించాం. ఒకటే కొనకుండా రెండూ మార్చాం, పాత ఎడమది దాచి ఇచ్చాను.

కూత

యాంప్లిఫయరు ఎర్త్ తీగను సీటు బోల్టుకు, రంగు మీదనే బిగించారు. పాట గట్టిగా పెట్టి, యాంప్లిఫయరు ఎర్త్ స్క్రూకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు పెడితే 0.7 వోల్టు చూపింది. అక్కడ అంత తేడా ఉండకూడదు. నేల రేకును ఒక రూపాయి బిళ్లంత మేర మెరిసేదాకా గీరి, పళ్ల వాషరుతో కొత్త బోల్టు వేసి, తీగను అడుగున్నర లోపు ఉంచి, పైన తుప్పు పట్టకుండా రంగు పూశాను. మీటరు 0.05 చూపింది. ఆర్‌సీఏ తీగలు (స్టీరియో నుంచి యాంప్లిఫయరుకు సంకేతం తెచ్చేవి) కరెంటు కేబులుతో కలిసి ఒకే వైపు పోతున్నాయి. వాటిని రెండో వైపు మార్చాను. ఇంజను ఎంత తొక్కినా కూత మళ్లీ రాలేదు.

ఈ పనిలో నన్ను నిజంగా భయపెట్టింది ఫ్యూజు. 30 ఆంపియర్ల ఫ్యూజును యాంప్లిఫయరు పక్కన పెట్టారు. బ్యాటరీ నుంచి అక్కడిదాకా కేబులుకు కాపలా లేదు. ఇంజనుకూ కారు లోపలికీ మధ్య ఉన్న రేకు రంధ్రంలో రబ్బరు కూడా వేయలేదు. రేకు అంచు కేబులు తొడుగును సగం కోసింది. ఇంకొన్ని నెలలు ఘాట్ రోడ్ల కుదుపులు తగిలితే కేబులు రేకును తాకేది, ఫ్యూజు అవతల ఉంది కాబట్టి పోయేది కాదు, కేబులే కాలేది. ఫ్యూజు బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్లలోపు ఉండాలి. అది యాంప్లిఫయరు కోసం కాదు, కేబులు కోసం. 8 గేజ్ రాగి కేబులు, రంధ్రానికి రబ్బరు, బ్యాటరీ పక్కన ఫ్యూజు. స్పీకరు తప్పుగా వేస్తే పాట పాడవుతుంది. ఇది తప్పుగా వేస్తే మనిషి పోతాడు. దుకాణాలు దీన్ని తేలిగ్గా తీసుకోవడం నేను సహించలేను.

తలుపు, గెయిన్, చెవి

వూఫర్ వెనకనుంచి వచ్చే శబ్దం ముందు శబ్దానికి తిరగేసి ఉంటుంది. తలుపు లోపలి రేకులో పెద్ద రంధ్రాలుంటే అది ముందుకు వచ్చి బేస్‌ను తింటుంది. పోలారిటీ (ప్లస్, మైనస్‌ల దిశ) సరిచేశాక మిగిలిన తోం ఇక్కడ ఉంది. లోపలి రేకు రంధ్రాలను బ్యూటైల్ షీటుతో మూసి, వూఫర్ చుట్టూ నురుగు పట్టీ వేసి, ప్లాస్టిక్ రింగు మీద బిగించాను. చెక్క పొట్టు బోర్డు రింగులు ఇక్కడి వానలకు ఉబ్బిపోతాయి. తలుపు అడుగున నీరుపోయే రంధ్రాలను మాత్రం ముట్టుకోలేదు.

స్టీరియోలో ముందు స్పీకర్లకు 80 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (అంతకన్నా కింది నాదాలను ఆపే ఫిల్టరు) పెట్టాను. అంతకన్నా కింద ఆరున్నర అంగుళాల కోను కష్టపడటమే కానీ ఇచ్చేది తక్కువ. యాంప్లిఫయరు సంకేతాన్ని ఎంత పెంచాలో నిర్ణయించే గెయిన్‌ను చెవితో పెట్టే అలవాటు నాకు లేదు. స్పీకర్లు ఊడదీసి, 1,000 హెర్ట్జ్ నాదం పెట్టి, స్టీరియో శబ్దాన్ని మూడొంతుల దాకా పెంచి, యాంప్లిఫయరు కొసల దగ్గర ఏసీ వోల్టులు కొలుస్తాను. వాట్లను ఓమ్‌లతో గుణించి వర్గమూలం తీస్తే కావలసిన వోల్టులు వస్తాయి: 60 వాట్లకు 4 ఓమ్‌ల మీద పదిహేనున్నర. 12 వోల్టుల దగ్గర ఆపాను, అంటే 36 వాట్లు. మాస్టారు వినే శబ్దానికి అది ఎక్కువే. మిగతాది దెబ్బలు విరగకుండా పలకడానికి ఉంచిన ఖాళీ. యాంప్లిఫయరు తాళలేక కొనను నరికిన సంకేతం వల్ల పోయే ట్వీటర్లు ఎక్కువ వాట్ల వల్ల పోయేవాటికన్నా ఎక్కువ అని నా అనుభవం.

చివరిగా ట్వీటర్ పోలారిటీ. ఆక్టేవ్‌కు 12 డెసిబెల్‌ల క్రాసోవర్‌లో విభజన స్థానం దగ్గర వూఫర్, ట్వీటర్ ఒకదానికొకటి 180 డిగ్రీలు దూరమవుతాయి. కొన్ని కంపెనీలు దాన్ని పెట్టెలోపలే తిరగేసి సరిచేస్తాయి. కాబట్టి మొదట పెట్టె మీద ఉన్న గుర్తులనే పాటించాలి. కానీ 3,500 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం పది సెంటీమీటర్ల లోపే. అద్దం మూల ఉన్న ట్వీటర్, తలుపు కింద ఉన్న వూఫర్ చెవికి చేరే దూరాల్లో ఐదు సెంటీమీటర్ల తేడా చాలు, కాగితం మీద లెక్క తలకిందులు కావడానికి. అందుకని రెండు ట్వీటర్లనూ కలిపి తిరగేసి వినాలి. ఒక్కదాన్నే తిరగేయకూడదు.

ఇక్కడ మాస్టారి చెవి నా మీటరు కన్నా మెరుగ్గా పనిచేసింది. ఒక పాత వీణ కచేరీ పెట్టి, ట్వీటర్ తీగలు అటూ ఇటూ మార్చి వినిపించాను. పెట్టె గుర్తుల ప్రకారం ఉన్నప్పుడు మీటు తర్వాత తీగ నాదంలో ఒక పల్చదనం ఉందన్నారు. తిరగేసినప్పుడు అది నిండింది. నాకు కూడా తేడా తెలిసింది కానీ ఎక్కడుందో ఆయన చెప్పాకే తెలిసింది. తిరగేసినట్టే ఉంచాం. ట్వీటర్ బలాన్ని తగ్గించే జంపరును మైనస్ 3 డెసిబెల్‌ల దగ్గర పెడితే మృదంగం కుడి ముఖం మీద పలికే పదునైన చాపు దెబ్బ మెత్తబడిందని ఆయన ఒప్పుకోలేదు. సున్నా దగ్గరే ఉంచి, రెండు ట్వీటర్ల ముఖాలనూ ఎదురు వైపు సీటుకు కాస్త తిప్పాను. పదును తగ్గింది, చాపు మిగిలింది.

ట్వీటర్లను, వూఫర్లను వేర్వేరు ఛానెళ్ల మీద నడిపి, క్రాసోవర్ పని స్టీరియోకే అప్పగించే పద్ధతి కూడా ఉంది. నాలుగు ఛానెళ్లున్నాయి కాబట్టి అలా చేయమని ఆయన శిష్యుడొకరు సలహా ఇచ్చారట. మంచి పద్ధతే. కానీ అక్కడ ట్వీటర్‌కు రక్షణగా విడిగా కెపాసిటర్ ఉండి తీరాలి, స్టీరియో సెట్టింగు ఒకసారి చెరిగిపోతే ట్వీటర్‌కు మొత్తం శబ్దం వెళ్లిపోతుంది కాబట్టి. సర్వీసుకు ఇచ్చిన ప్రతిసారీ బ్యాటరీ తీసి పెట్టే కారుకు నేను ఆ పద్ధతి సిఫారసు చేయను.

ఆ సాయంత్రం గోపాల్‌పూర్ రోడ్డు మీద ఏసీ వేసి, అద్దాలు మూసి నడిపాం. బ్యాలెన్సు మధ్యలో పెడితే గొంతు డ్యాష్‌బోర్డు నడుమ నిలబడింది. తని ఆవర్తనం (మృదంగం ఒంటరిగా మోగే భాగం) వచ్చినప్పుడు మాస్టారు మాటలాపి, ఎడమ చేత్తో తొడమీద తాళం అందుకున్నారు. "తోం వచ్చింది నాయనా" అన్నారు. సబ్‌వూఫర్ మాట మళ్లీ ఎత్తలేదు.

వానలు, అక్టోబరు వాయుగుండాలు వెళ్లాక కారును మళ్లీ తెప్పించుకుని చూశాను. క్రాసోవర్ స్క్రూల కింద రాగి రంగు మారలేదు. వూఫర్ల కొలతలు అవే, ట్వీటర్లు రెండూ బాగున్నాయి, ఎర్త్ దగ్గర తేడా 0.05 దాటలేదు. కుడి తలుపులో బ్యూటైల్ షీటు ఒక మూల కాస్త లేచింది. దాన్ని తుడిచి, వేడి గాలితో మెత్తబరిచి మళ్లీ అంటించి పంపాను.